హెపారిన్‌కి యూనిట్లు సరిపోతే సరిపోదు

పారాసెటమాల్ అట్ట మీద 500 ఎంజీ అని ఉంటుంది. ఎవరు తయారు చేసినా అదే అణువు కాబట్టి ఆ బరువు చెబితే చాలు. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ సీసా తీసి చూడండి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనబడే 5 ఎంఎల్ సీసా మీద 25,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అని రాసి ఉంటుంది. ఆ 25,000కి వెనక పెద్ద కథే ఉంది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, రక్తం గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ గడ్డకట్టకుండా ఆపేదాన్ని పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత అతని ప్రొఫెసర్ విలియం హోవెల్, కుక్క కాలేయం నుంచి తీసిన ఇలాంటి పదార్థానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. అది ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని తూచి లాభం లేదు గనక, దాని పనిని కొలవడం మొదలుపెట్టారు. ఒక ఎంఎల్ పిల్లి రక్తాన్ని చల్లగా ఉంచి 24 గంటలు గడ్డకట్టకుండా ఆపగలిగితే అది ఒక యూనిట్. తర్వాత పిల్లి పోయి గొర్రె ప్లాస్మా వచ్చింది, పరీక్షలు మారాయి, అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. మందు ఎంత ఉందో కాకుండా ఎంత పని చేస్తోందో చూసే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది, నమ్మకం మాత్రం సగమే. ఒక పరీక్షలో మందు ఎలా నడుచుకుందో యూనిట్ చెబుతుంది. ఆ మందు ఏమిటో చెప్పదు. హెపారిన్ విషయంలో ఈ రెండింటి మధ్య దూరం మనుషుల ప్రాణాలు తీసేంత ఉందని 2008లో ప్రపంచం చూసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను పరవాడ ఫార్మా సిటీలో కొన్నాళ్లు క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేసి, ఇప్పుడు విశాఖలో ఫార్మసీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. (పరవాడ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయింది, కానీ బస్సెక్కి అక్కడికి పోయే మాకు అది ఇంకా వైజాగే.) ఈ మందు గురించి నా చుట్టూ రెండు జట్లున్నాయి. "సాల్ట్ ఒకటే అయితే ఏ కంపెనీదైనా ఒకటే, మిగతాదంతా కమిషన్ల గోల" అనేది మొదటి జట్టు. "ఈ ఇంజెక్షన్ల దగ్గర జెనెరిక్ జోలికి పోవద్దు, ఫారిన్ కంపెనీదే వేయించు" అనేది రెండోది. మొదటి జట్టులో నా పాత సహోద్యోగులు ఉన్నారు, రెండోదాంట్లో మా బంధువుల్లో సగం మంది ఉన్నారు. రెండు జట్లూ అసలు చూడాల్సిన చోట చూడటం లేదని నా ఫిర్యాదు. చూడాల్సింది ఆ చక్కెర గొలుసుని.

అవును, హెపారిన్ చక్కెరే. మా మావయ్యకి ఆ మాట చెప్పినందుకు తిట్లు తిన్నాను. "ఏట్రా అల్లుడా, నాకు సుగర్ ఉందని తెలిసీ సెక్కెర ఇంజిషన్ రాసీసేరా?" అన్నాడు. ఇది గ్లూకోజుగా మారి రక్తంలో కలిసే రకం కాదని, డోసు కూడా మిల్లీగ్రాముల్లోనే అని చెప్పాక శాంతించాడు.

గొలుసులో రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకటి గ్లూకోసమైన్, రెండోది యురోనిక్ ఆమ్లం. ఈ ఆమ్లం మళ్లీ రెండు రూపాల్లో ఉంటుంది, గ్లూకురోనిక్, ఇడ్యురోనిక్ అని. వీటి మధ్య తేడా ఐదో కార్బన్ దగ్గర కార్బాక్సిల్ ఏ వైపు తిరిగి ఉందన్నదే. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, దానివల్ల ఇడ్యురోనిక్ వలయం ఒకే ఆకారంలో బిగుసుకుపోకుండా రెండు మూడు ఆకారాల మధ్య వంగుతుంది. ప్రొటీన్‌కి అతుక్కునేటప్పుడు ఆ వంగే గుణమే పనికొస్తుంది. వీటి మీద అక్కడక్కడా సల్ఫేట్లు ఉంటాయి. హెపారిన్‌లో ఎక్కువగా కనబడే జంటకి మూడు సల్ఫేట్లు: ఇడ్యురోనిక్ రెండో స్థానంలో ఒకటి, గ్లూకోసమైన్ నైట్రోజన్ మీద ఒకటి, దాని ఆరో స్థానంలో ఒకటి. అందుకే జీవుల్లో దొరికే పెద్ద అణువుల్లో ఇంత దట్టంగా రుణావేశం ఉన్నది మరొకటి లేదంటారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ప్రొటీన్ తయారవ్వాలంటే కణానికి డీఎన్‌ఏలో రాత ఉంటుంది, ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో అక్షరం అక్షరం. హెపారిన్‌కి అలాంటి రాత లేదు. కణం ముందు సల్ఫేట్లు లేని సాదా గొలుసు అల్లుతుంది. తర్వాత ఎంజైములు వరుసగా వచ్చి ఒకచోట ఎసిటైల్ తీసి సల్ఫేట్ పెడతాయి, ఒకచోట గ్లూకురోనిక్‌ని ఇడ్యురోనిక్‌గా తిప్పుతాయి, ఇంకోచోట రెండో స్థానంలోనో ఆరో స్థానంలోనో సల్ఫేట్ అంటిస్తాయి. ఏ ఎంజైమూ గొలుసంతా పూర్తిగా తిరగదు. కొన్నిచోట్ల పని చేస్తుంది, కొన్నిచోట్ల వదిలేస్తుంది. అందువల్ల ఒకే పంది పేగులోంచి (మందుకి వాడే హెపారిన్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది) తీసిన హెపారిన్‌లో కూడా ఏ రెండు గొలుసులూ అచ్చంగా ఒకేలా ఉండాలని లేదు. అణుభారం సుమారు 3,000 నుంచి 30,000 దాకా ఉంటుంది, సగటున 15,000 దగ్గర. సీసాలో ఉన్నది ఒక్క అణువు కాదు, ఒక పెద్ద గుంపు. "సాల్ట్ ఒకటే" అనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

ఆ గుంపులో అందరూ పని చేస్తారా అంటే, లేదు. 1976లో వేరువేరు పరిశోధన బృందాలు దాదాపు ఒకేసారి చూపించాయి: రక్తంలో గడ్డని అడ్డుకునే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కునేవి హెపారిన్ గొలుసుల్లో మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతులకీ సల్ఫేట్లు ఉన్నాయి, ఆవేశం ఉంది, పొడవు ఉంది, కానీ రక్తం గడ్డకట్టకుండా ఆపే పనిలో వాటి పాత్ర చాలా తక్కువ. లేనిది ఒక వరుస, ఐదు చక్కెరల వరుస. ఆ ఐదింటిలో నడిమి గ్లూకోసమైన్‌కి మూడో స్థానంలో ఒక సల్ఫేట్ ఉంటుంది. ఈ మూడో స్థానం సల్ఫేట్ గొలుసులో చాలా అరుదు. దాన్ని పెట్టే ఎంజైము అన్నిటికంటే చివర వస్తుంది, ఎంచుకున్న చోటే పెడుతుంది. ఆ ఒక్కటి తీసేస్తే యాంటీథ్రాంబిన్‌తో బంధం వేల రెట్లు బలహీనపడుతుంది. బరువులో చూస్తే అది సముద్రంలో కాకిరెట్ట. పనిలో చూస్తే దాదాపు అంతా అదే.

ఇది ఊహ కాదు. ఫ్రాన్స్‌లో జాన్ షోయే, మోరిస్ పెటిటూ బృందం ఆ ఐదు చక్కెరల్ని 1980ల మొదట్లో ల్యాబులో కట్టి చూపించారు. పందీ లేదు, పేగూ లేదు, పూర్తిగా రసాయనమే. దాని కొద్దిగా మార్చిన రూపమే ఫాండాపారినక్స్, అణుభారం 1,728, ఎనిమిది సల్ఫేట్లు, రెండు కార్బాక్సిళ్లు. అమెరికాలో 2001 డిసెంబరులో అనుమతి వచ్చింది. యాభైకి పైగా అంచెల్లో తయారు చేయాలి, ప్రతి అంచెలో కొంత పోతుంది, అందుకే అంత ధర. అమెరికాలో దాని మొదటి జెనెరిక్‌ని 2011లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తీసుకొచ్చిందంటే, ఆ కెమిస్ట్రీ తెలిసినవాళ్లకి అది ఎంత గొప్ప పనో అర్థమవుతుంది. మన పత్రికల్లో షేరు ధర వార్తగా వచ్చి పోయింది.

సరే, ఐదు చక్కెరలు దొరికాయి కదా, మిగతా గొలుసు దండగేనా? ఇక్కడే పొడవు సంగతి వస్తుంది.

రక్తం గడ్డకట్టే ప్రక్రియలో చివర్లో ఇద్దరు ముఖ్యులు: ఫ్యాక్టర్ టెన్‌ఏ, థ్రాంబిన్. టెన్‌ఏ థ్రాంబిన్‌ని తయారు చేస్తుంది, థ్రాంబిన్ గడ్డని తయారు చేస్తుంది. రెండింటినీ ఆపేది మన రక్తంలోనే ఉన్న యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్, కానీ అది మామూలుగా చాలా నెమ్మది. ఐదు చక్కెరల వరుస వచ్చి అతుక్కోగానే యాంటీథ్రాంబిన్ ఆకారం మారి, టెన్‌ఏని పట్టుకునే భాగం బయటికి తిరుగుతుంది. వేగం దాదాపు 300 రెట్లు పెరుగుతుంది. టెన్‌ఏకి ఇది చాలు. థ్రాంబిన్‌కి చాలదు. థ్రాంబిన్ కూడా అదే గొలుసు మీదికి ఎక్కి, జారుతూ వచ్చి యాంటీథ్రాంబిన్ పక్కన చేరాలి. మన పోర్టు రోడ్డు గేటు దగ్గర ఆగిపోయిన గూడ్సు బండిని ఊహించుకోండి. ఇంజను దగ్గరున్న మనిషీ, వెనకాల గార్డూ ఒకే బండి మీద ఉంటేనే ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రాగలరు. ఐదు పెట్టెల బండి మీద ఇద్దరికీ చోటు ఉండదు. హెపారిన్‌లో ఆ చోటుకి కనీసం 18 చక్కెరలు కావాలి, అంటే సుమారు 5,400 అణుభారం. అంత పొడవుంటే థ్రాంబిన్‌ని ఆపే వేగం వెయ్యి రెట్లకి పైగా పెరుగుతుంది. పని అయ్యాక గొలుసు విడిపోయి ఇంకో యాంటీథ్రాంబిన్ దగ్గరికి పోతుంది.

ఈ ఒక్క సంగతిలోంచి మిగతాదంతా వస్తుంది. మామూలు హెపారిన్ టెన్‌ఏనీ థ్రాంబిన్‌నీ సమానంగా ఆపుతుంది. దాన్ని ముక్కలు చేసి పొట్టి గొలుసులుగా మారిస్తే టెన్‌ఏ మీద పని మిగులుతుంది, థ్రాంబిన్ మీద తగ్గుతుంది. అలా ముక్కలు చేసి తయారు చేసిన మందు ఎనాక్సాపారిన్ సగటు అణుభారం 4,500 దగ్గర, కాబట్టి దాని గొలుసుల్లో చాలావరకు 18 కంటే పొట్టివి. ఫాండాపారినక్స్ అయితే థ్రాంబిన్‌ని నేరుగా ఆపనే ఆపదు.

ఎలా ముక్కలు చేశారన్నది కూడా గొలుసు మీద గుర్తుగా మిగిలిపోతుంది. ఎనాక్సాపారిన్‌కి ముందు బెంజైల్ ఎస్టర్ చేసి, క్షారంతో కోస్తారు. తెగిన చోట ఒక చివర జంట బంధం ఉన్న ఆమ్లం వస్తుంది. రెండో చివర కొన్ని గొలుసుల్లో, సుమారు 15 నుంచి 25 శాతంలో, అదనంగా ఒక వలయం ఏర్పడుతుంది. డాల్టెపారిన్‌ని నైట్రస్ ఆమ్లంతో కోస్తారు, అక్కడ చివర వేరు. టింజాపారిన్‌కి ఎంజైము వాడతారు. పేరుకి అన్నీ "లో మాలిక్యులర్ వెయిట్ హెపారిన్"లే. ఒకదాని బదులు ఇంకొకటి యూనిట్‌కి యూనిట్ లెక్కన మార్చడానికి లేదని వాటి కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఆ కాగితం మడత విప్పేవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

మా మావయ్యకి మోకాలి కీలు మార్చారు. డిశ్చార్జి చేస్తూ, బొడ్డు పక్కన వేసుకోమని ఎనాక్సాపారిన్ రాశారు. షుగరు వల్ల కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి కాబట్టి డాక్టరుగారు డోసు తగ్గించే రాశారు. మందుల షాపులో ఆ బ్రాండు లేదు. కౌంటరు మీద కుర్రాడు ఫాండాపారినక్స్ 2.5 ఎంజీ సిరంజి తీసి, "ఇది ఇంకా మంచిదండి, కాస్ట్లీ కూడా. రెండూ బ్లడ్ థిన్నర్లే" అన్నాడు. మావయ్య అట్ట చదివి, "రెండున్నర ఎంజీయే కదరా, డాక్టరు రాసిందానికన్నా చాలా తక్కువ, భయం లేదు" అని తీసేసుకోబోయాడు.

ఇక్కడ ఎంజీ మోసం చేస్తుంది, యూనిట్లూ మోసం చేస్తాయి. ఎనాక్సాపారిన్ ఒక ఎంజీకి టెన్‌ఏ లెక్కలో సుమారు 100 యూనిట్లు, ఫాండాపారినక్స్‌కి సుమారు 700. అలా గుణిస్తే 2.5 ఎంజీ అంటే 1,750, 40 ఎంజీ ఎనాక్సాపారిన్ అంటే 4,000. ఏ లెక్కన చూసినా ఫాండాపారినక్స్ చిన్న డోసులా కనిపిస్తుంది. కానీ ఎనాక్సాపారిన్ ప్రభావం కొన్ని గంటల్లో సగానికి వస్తే, ఫాండాపారినక్స్ సగానికి రావడానికి 17 నుంచి 21 గంటలు పడుతుంది. 2001లో మోకాలి ఆపరేషన్ల మీదే వచ్చిన పెద్ద ట్రయల్‌లో రోజుకి 2.5 ఎంజీ ఫాండాపారినక్స్ తీసుకున్నవాళ్లలో 12.5 శాతం మందికి గడ్డలు కనబడితే, 30 ఎంజీ ఎనాక్సాపారిన్ రెండు పూటలా తీసుకున్నవాళ్లలో 27.8 శాతం మందికి కనబడ్డాయి. తీవ్ర రక్తస్రావం మాత్రం ఫాండాపారినక్స్ వైపు 2.1 శాతం, ఎనాక్సాపారిన్ వైపు 0.2. చిన్న సంఖ్య రాసి ఉన్న మందే ఎక్కువ బలంగా పనిచేసింది, ఎక్కువ రక్తం కార్పించింది. పైగా పొట్టి గొలుసులు బయటికి పోయేది కిడ్నీల దారినే. కిడ్నీ బాగా దెబ్బతింటే ఎనాక్సాపారిన్ డోసు తగ్గిస్తారు, ఫాండాపారినక్స్‌ని పక్కన పెట్టేస్తారు. పొడవైన మామూలు హెపారిన్‌ని శరీరం వేరే దారుల్లో కూడా వదిలించుకుంటుంది కాబట్టి అలాంటివాళ్లకి దాన్నే వాడతారు. రక్తస్రావం మొదలైతే విరుగుడు సంగతీ అంతే. సాల్మన్ చేప నుంచి వచ్చిన ప్రొటమైన్ ధనావేశంతో హెపారిన్ గొలుసుని చుట్టేస్తుంది. పొడవైనదాన్ని పూర్తిగా, ఎనాక్సాపారిన్‌ని కొంతవరకు ఆపుతుంది. ఐదు చక్కెరల ముక్క దాని చేతికి చిక్కదు.

వార్డుకి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు ఒక్క మాటలో వద్దన్నారు. ఆ పక్క వీధిలో ఇంకో కంపెనీ ఎనాక్సాపారిన్ దొరికింది, డాక్టరుకి చెప్పి అదే తీసుకున్నాం. మా అత్తయ్య "రాసిన కంపెనీది కాదుగా" అని సాయంత్రం దాకా టెన్షన్ పడింది. ఆవిడ భయపడాల్సిన చోట భయపడలేదు, అక్కర్లేని చోట భయపడింది. ఎనాక్సాపారిన్ బదులు వేరే కంపెనీ ఎనాక్సాపారిన్ డాక్టరుకి తెలిసి వాడటం ఒక సంగతి. ఎనాక్సాపారిన్ బదులు ఫాండాపారినక్స్ కౌంటరు మీద మార్చేయడం పూర్తిగా వేరే సంగతి.

అయితే "వేరే కంపెనీ ఎనాక్సాపారిన్ అయినా పరవాలేదు" అని నేను ఎలా అనగలను? గుంపులో ఏ రెండు గొలుసులూ ఒకేలా ఉండవని ఇందాక నేనే అన్నాను కదా. ఇక్కడ 2008 గురించి చెప్పాలి.

2007 చివర్లో అమెరికాలో డయాలసిస్ చేయించుకుంటున్న కొందరు పిల్లలకి హెపారిన్ ఇచ్చిన నిమిషాల్లో బీపీ పడిపోవడం, ముఖం వాయడం మొదలైంది. పెద్దవాళ్లలోనూ అదే. 2008 జనవరి నుంచి బాక్స్టర్ కంపెనీ హెపారిన్‌ని వెనక్కి పిలిచారు. ఆ మందుతో సంబంధం ఉండొచ్చని అనుమానించిన మరణాలు 81 అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క చెప్పింది. ముడిసరుకు చైనా నుంచి వచ్చింది. దానికి కొంచెం ముందే అక్కడి పందులకి బ్లూ ఇయర్ జబ్బు వచ్చి, పేగుల సరఫరా పడిపోయి, ధర పెరిగింది. ఎవరో చవక సరుకు కలిపారు. ఆ సరుకు ఏమిటంటే, జంతువుల మృదులాస్థిలో దొరికే కాండ్రాయిటిన్ సల్ఫేట్‌ని తీసుకుని, దాని జంట చక్కెరల మీద పట్టినన్ని సల్ఫేట్లు, జంటకి నాలుగు చొప్పున, రసాయనంతో అంటించినది. ప్రకృతిలో అలాంటిది ఉండదు. కలిపినవాడికి కెమిస్ట్రీ బాగా తెలుసు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆ కల్తీ పట్టుబడకపోవడానికి కారణం మన యూనిట్. అప్పటి అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) పరీక్ష గొర్రె ప్లాస్మా గడ్డకట్టే సమయం చూసేది. అన్ని సల్ఫేట్లున్న కాండ్రాయిటిన్ కూడా ప్లాస్మాని గడ్డకట్టనివ్వదు. యాంటీథ్రాంబిన్‌తో మాత్రం కాదు, హెపారిన్ కోఫాక్టర్ టూ అనే వేరే ప్రొటీన్ ద్వారా. ఐదు చక్కెరల వరుస లేదు, మూడో స్థానం సల్ఫేట్ తగిన చోట లేదు, అసలు గ్లూకోసమైనే లేదు, దాని చోట గాలక్టోసమైన్ ఉంది. అయినా పరీక్ష పాసైంది. శరీరంలోకి వెళ్లాక మాత్రం రక్తనాళాల్ని వదులుచేసే బ్రాడికైనిన్‌ని విడుదల చేయించి బీపీని కిందికి లాగింది, రోగనిరోధక శక్తిలో భాగమైన కాంప్లిమెంట్ వ్యవస్థని రెచ్చగొట్టింది. ఎంఐటీలోని రామ్ శశిశేఖరన్ బృందం ఎఫ్‌డీఏతో కలిసి దీన్ని పట్టుకున్నది నిర్మాణాన్ని చూసే ఎన్‌ఎంఆర్‌తో. ఆ గ్రాఫులో హెపారిన్ ఎసిటైల్ శిఖరం 2.04 పీపీఎం దగ్గర వస్తుంది, దాని పక్కన 2.16 దగ్గర ఉండకూడని ఇంకో శిఖరం కనబడింది. 2009 నాటికి ఫార్మకోపియా మారింది. ఎన్‌ఎంఆర్, క్రొమటోగ్రఫీ తప్పనిసరి అయ్యాయి, గొర్రె ప్లాస్మా స్థానంలో థ్రాంబిన్‌నీ టెన్‌ఏనీ విడివిడిగా కొలిచే పరీక్షలు వచ్చాయి.

మొదటి జట్టుకి ఇది నా జవాబు. యూనిట్లు సరిపోయిన సరుకే మనుషుల్ని చంపింది.

రెండో జట్టుకి జవాబు 2010 జులైలో వచ్చింది. సాండోజ్, మొమెంటా కంపెనీల జెనెరిక్ ఎనాక్సాపారిన్‌కి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, రోగుల మీద కొత్తగా పెద్ద ట్రయల్స్ అడక్కుండా. బదులుగా అయిదు సంగతుల్లో పోలిక చూపించమంది: ముడిసరుకూ కోసే పద్ధతీ, భౌతిక రసాయన గుణాలు, చక్కెర జంటల వాటాలూ ముక్కల వరుసలూ, ల్యాబులో జీవక్రియల పరీక్షలు, మనుషుల రక్తంలో టెన్‌ఏ, థ్రాంబిన్ మీద ప్రభావం. అంటే గుంపుని గుంపుగానే చదివి, ఈ గుంపూ ఆ గుంపూ ఒకటేనని నిరూపించమన్నారు. యూరప్ ఇంకా జాగ్రత్తపడి దీన్ని జీవుల నుంచి వచ్చే మందుల నకళ్లకి వాడే బయోసిమిలర్ దారిలో పెట్టింది, అక్కడ మొదటి అనుమతులు 2016లో వచ్చాయి. ఎవరిది సరైన దారి అంటే నేను అమెరికా వైపే మొగ్గుతాను. ఒకసారి ట్రయల్ పాసై, తర్వాత పదేళ్లపాటు బ్యాచ్‌ల నిర్మాణాన్ని సరిగ్గా చూడని కంపెనీ కంటే, ట్రయల్ లేకపోయినా ప్రతి బ్యాచ్ గొలుసునీ చదివే కంపెనీని నేను నమ్ముతాను. ఇందులో దేశం పేరుకి పనే లేదు. హెపారిన్, ఎనాక్సాపారిన్‌లు చేసి అమెరికాకి అమ్మే గ్లాండ్ ఫార్మా మన హైదరాబాద్‌ది, పరవాడలోనూ దానికి ప్లాంటుంది. 2008లో పాడైన సరుకు బయటికొచ్చింది పెద్ద అమెరికన్ కంపెనీ పేరు మీద.

"ఇవన్నీ రోగికి ఎలా తెలుస్తాయి, అతను ఎన్‌ఎంఆర్ చూస్తాడా" అని మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఎప్పుడూ అడుగుతారు. రోగి చూడక్కర్లేదు. కొనేవాళ్లు చూడాలి. టెండరులో అతి తక్కువ ధర ఒక్కటే చూసి హెపారిన్ కొనే ఆసుపత్రి, కంపెనీ నుంచి బ్యాచ్ సర్టిఫికెట్ తెప్పించుకుని అందులో నాలుగు గీతలు చూడటం కష్టమేమీ కాదు: టెన్‌ఏ, థ్రాంబిన్ విలువలు విడివిడిగా ఉన్నాయా, అణుభారం పంపిణీ ఉందా, ఎన్‌ఎంఆర్ చేశారా, ముడిసరుకు ఏ జంతువుది. చివరిది చిన్న విషయం కాదు. ఆవు పేగు హెపారిన్‌లో ఆరో స్థానం సల్ఫేట్లు తక్కువ, అందుకే ఎంజీకి ఎంజీ పంది హెపారిన్ కంటే బలహీనం. యూనిట్లు సరిచేయాలంటే ఎక్కువ బరువు నింపాలి, అప్పుడు విరుగుడు ప్రొటమైన్ లెక్క మారిపోతుంది. మతం కారణంగా ఏ జంతువుదో తెలుసుకోవాలనుకునేవాళ్లకీ ఆ హక్కు ఉండాలి.

పందుల మీద ఇంతగా ఆధారపడటం ఎలాగూ ఎక్కువ కాలం నడవదు. 2018–19లో చైనా పందుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చినప్పుడు ప్రపంచమంతా మళ్లీ భయపడింది. దారి ఉంది. ఇ. కోలై కె5 అనే బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే పొర, సల్ఫేట్లు లేని హెపారిన్ గొలుసే. అలాంటి చక్కెర వెన్నెముకని ఎంజైములతో పెంచి, సల్ఫేట్లు తగిలించి, రాబర్ట్ లిన్హార్ట్, జియాన్ లియూ బృందం 2011లో అతి చిన్న హెపారిన్లని 10, 12 అంచెల్లో కట్టింది. యాభైకి పైగా అంచెల రసాయన పద్ధతిలో చేతికొచ్చేది అత్యల్పం, ఇక్కడ 45, 37 శాతం వచ్చింది. ఫెర్మెంటర్లూ, క్రొమటోగ్రఫీ తెలిసిన కుర్రాళ్లూ ఇంతమంది ఉన్న ఈ తీరంలో ఈ పని ఎవరూ మొదలుపెట్టకపోతే నాకు నిజంగా చిరాకు.

మా విద్యార్థులకి మాత్రం ఇంకో దిక్కు మీద మోజు, సముద్రం. సముద్రం ఎదురుగా పెట్టుకుని ఉంటే సహజమే. వనామీ రొయ్య తలల్లో హెపారిన్‌ని పోలిన చక్కెర ఉందని బ్రెజిల్ శాస్త్రవేత్తలు చూపించారు. మన దగ్గర ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆ తలలు గుట్టలుగా మిగులుతాయి కాబట్టి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ప్రాజెక్టుకి అదే అడుగుతారు. నేను కాదనను. కానీ ఆ బ్రెజిల్ పనిలో ఆసక్తికరమైన భాగం వేరు. ఆ చక్కెర వాపుని తగ్గించింది, గడ్డకట్టడాన్ని ఆపడంలో మాత్రం చాలా బలహీనం. హెపారిన్‌లా కనబడటం వేరు, హెపారిన్ పని చేయడం వేరు. నిజానికి మన శరీరంలోనైనా హెపారిన్ ఉండేది అలర్జీలో పాలుపంచుకునే మాస్ట్ కణాల సంచుల్లో, హిస్టమిన్‌నీ ఎంజైముల్నీ పట్టి ఉంచడానికి. హెపారిన్ తయారు కాకుండా చేసిన ఎలుకల్లో 1999లో చూసింది మాస్ట్ కణాలు పాడవడం, రక్తస్రావం కాదు. మన రక్తం లాంటిది లేని ఆల్చిప్పల్లోనూ హెపారిన్ దొరుకుతుంది, కొన్నింట్లో ఐదు చక్కెరల వరుసతో సహా. దాన్ని రక్తం మందుగా మార్చుకున్నది మనం.

కాబట్టి రొయ్య తలల మీద పనిచేసే పిల్లలకి నేను ఒక షరతు పెడతాను. చక్కెర తీశాక ప్లాస్మాలో ఏపీటీటీ (గడ్డకట్టే సమయం చూసే ఒక పరీక్ష) పెరిగిందని చూపించి "యాంటీకోయాగ్యులెంట్ కనుక్కున్నాం" అని థీసిస్ రాస్తే సంతకం పెట్టను. తగినన్ని సల్ఫేట్లుంటే ఏ పాలీశాకరైడైనా ఏపీటీటీని పెంచుతుంది, 2008 కల్తీ కూడా పెంచింది. యాంటీథ్రాంబిన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ విడివిడిగా, టెన్‌ఏ మీద ఎంత, థ్రాంబిన్ మీద ఎంత, అణుభారం ఎంత, ఎన్‌ఎంఆర్‌లో ఏ శిఖరం ఎక్కడ, మూడో స్థానం సల్ఫేట్ ఉందా లేదా. ఇవన్నీ పట్టికలో పెట్టి తెస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం అంటాను.